ఒక కన్నా, రెండు కళ్ళా?

(కార్తీక మాసానికి ముందు మన గుడి హాలులో జరిగిన ఆరోగ్య అవగాహన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

భోజనాలకి ముందు మాట్లాడమన్నారు కాబట్టి మధ్యలో ఎవరూ లేచి వెళ్ళరన్న ధైర్యంతో మైకు పట్టుకున్నాను.

మీలో చాలామందికి నేను ఆ మైకు సరిచేసే కుర్రాడిగానే తెలుసు. నేను డాక్టర్ని కాను, సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని. అందుకే ఈ ప్రసంగంలోని వైద్య విషయాలను మన సభ్యుల్లో ఇద్దరు డాక్టర్లకు ముందే చూపించి, వాళ్ళు దిద్దిన తర్వాతే మీ ముందుకు తెచ్చాను. మరి వాళ్ళే మాట్లాడొచ్చు కదా అంటారేమో. పోయిన కార్తీకంలో మా ఇంట్లో జరిగిన పొరపాటు గురించి చెప్పాలి. అది చేసింది నేను కాబట్టి నేనే చెప్పడం న్యాయం.

పోయిన సంవత్సరం అమ్మానాన్నా ఇండియా నుంచి వచ్చి మా దగ్గర ఆరు నెలలు ఉన్నారు. నాన్నగారికి 68 ఏళ్ళు. షుగర్ వచ్చి పదిహేనేళ్ళయింది, బీపీ కూడా ఉంది. కార్తీక సోమవారం ఉపవాసం ఆయన ఎప్పుడూ మానలేదు. ఆ సోమవారం కూడా పొద్దున్నే స్నానం, పూజ చేసుకుని, కాసిని పాలు తాగి, షుగర్ మాత్రలు వేసుకున్నారు. నక్షత్ర దర్శనం అయ్యేదాకా ఇంకేమీ ముట్టరు.

మధ్యాహ్నం మూడు గంటల నలభై నిమిషాలకి నేను పక్క గదిలో ఆఫీసు మీటింగులో ఉన్నాను. అమ్మ సోఫాలో కూర్చుని పౌర్ణమికి 365 వత్తుల కట్ట చేస్తోంది. నాన్నగారు పేపరు చదువుతూ, "ఇదేమిటే, కుడికంట్లో పైనుంచి తెర దిగినట్టయింది" అన్నారు. నొప్పి లేదు, తలపోటు లేదు. కుడికన్ను మాత్రం నల్లగా అయిపోయింది.

అమ్మ కంగారుగా పంచదార నీళ్ళు కలపడానికి వెళ్ళింది. మా ఆవిడ షుగర్ మిషన్ తెచ్చి, ఆయన ఏమీ తాగకముందే వేలు పొడిచి చూసింది. 112 వచ్చింది. ఈలోగా పంచదార నీళ్ళు తాగించారు. ఐదారు నిమిషాల్లో తెర పైకి లేచినట్టు చూపు మళ్ళీ మామూలుగా వచ్చేసింది. "చూశారా, షుగరే" అంది అమ్మ. "పొద్దున్నుంచీ ఏమీ తినలేదు కదరా, నీరసం" అన్నారు నాన్నగారు. నేను కూడా "అవును, షుగరే అయ్యుంటుంది" అన్నాను. గురువారానికి కళ్ళద్దాల షాపులో అపాయింట్‌మెంటు బుక్ చేసి మళ్ళీ మీటింగులోకి వెళ్ళిపోయాను.

నా ఉద్యోగంలో రోజూ చేసే పని ఏమిటంటే, సర్వర్ ఎందుకు ఆగిందో లాగ్ చూసి కనిపెట్టడం. ఐదు నిమిషాలు ఆగి దానంతట అదే లేచిన సర్వర్‌ని "సరైపోయింది" అని ఎవరైనా వదిలేస్తే నేనే ఊరుకోను. ఎందుకు ఆగిందో తెలియకపోతే మళ్ళీ ఆగుతుంది, రెండోసారి లేవకపోవచ్చు అంటాను. అలాంటి వాడిని, 112 అనే అంకె కళ్ళముందు పెట్టుకుని షుగర్ పడిపోయిందని నమ్మాను. ఆయనకి షుగర్ ఉంది, ఆరోజు ఉపవాసం ఉంది, తీపి తాగాక చూపు వచ్చింది. మూడూ నిజమే. కానీ షుగర్ పడిపోయిందన్న నాలుగో మాట మాత్రం నిజం కాదు. 112 అంటే పడిపోయిన షుగర్ కాదు. 70 కంటే తగ్గితే దాన్ని లో షుగర్ అంటారు.

సాయంత్రం దీపాలకి అందరం ఇక్కడికే వచ్చాం. మన వంటశాలలో సేవ చేసే ఒక ఆంటీ పాతికేళ్ళు నర్సుగా పనిచేశారు. పేరు చెప్పొద్దన్నారు కాబట్టి చెప్పను. నాన్నగారు నీరసంగా ఉన్నారేమని ఆవిడ అడిగితే, మధ్యాహ్నం షుగర్ తగ్గి కళ్ళు తిరిగాయని చెప్పాను. ఆవిడ గరిటె కిందపెట్టి నాన్నగారిని ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. "ఒక కన్నా, రెండు కళ్ళా?"

"కుడి కన్నేనమ్మా. అది చేత్తో మూసి ఎడమకంటితో చూస్తే పేపరు బాగానే కనబడింది" అన్నారు నాన్నగారు.

ఆవిడ నావైపు తిరిగి, "ఇప్పుడే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళు" అన్నారు. నాన్నగారు ఊరుకుంటారా? "ఇప్పుడు బాగానే ఉంది కదా, రేపు చూద్దాం. ఇక్కడ ఆసుపత్రి అంటే మాటలా, ఎంత బిల్లు వేస్తారో" అన్నారు. "అన్నయ్యగారూ, ప్రసాదం నేను డబ్బాలో పెట్టి పంపిస్తాను. మీరు ముందు బయల్దేరండి" అన్నారు ఆవిడ. అలా బయల్దేరేసరికి మూడు గంటలకి పైగా వృథా అయిపోయింది.

ఆసుపత్రిలో తలకి స్కాన్లు, ఈసీజీ, మెడకి అల్ట్రాసౌండ్ చేశారు. కంట్లో ఏ లోపమూ లేదు. మెడలో కుడివైపు కెరోటిడ్ ధమని 80 శాతం దాకా పూడుకుపోయి ఉంది. గుండె నుంచి మెదడుకి రక్తం తీసుకెళ్ళే పెద్ద గొట్టం అది. కంటికి రక్తం తీసుకెళ్ళే చిన్న నాళం దాని నుంచే చీలుతుంది. లోపల పేరుకున్న కొవ్వు నుంచి చిన్న ముక్క ఊడి, రక్తంతో పాటు పైకి వెళ్ళి, కంటి నాళంలో ఇరుక్కుంది. అది ఉన్నంతసేపు చూపు పోయింది. కరిగి ముందుకి జారాక చూపు వచ్చింది. పంచదార నీళ్ళకీ దానికీ ఏ సంబంధమూ లేదు. డాక్టరు నాతో, "అదే ముక్క కంటివైపు కాకుండా మెదడువైపు వెళ్ళి ఉంటే మనం ఇప్పుడు పక్షవాతం గురించి మాట్లాడుకునేవాళ్ళం" అన్నారు.

ఇలా ఒక కన్ను కాసేపు చీకటై మళ్ళీ రావడాన్ని వైద్యులు అమరోసిస్ ఫ్యూగాక్స్ అంటారు. మినీ స్ట్రోక్ ఎంత తీవ్రమైనదో దీన్నీ అంతే తీవ్రంగా చూస్తారు. అసలు స్ట్రోక్ వచ్చే ప్రమాదం ఆ తర్వాత మొదటి రెండు రోజుల్లోనే ఎక్కువ. నేను బుక్ చేసిన అపాయింట్‌మెంటు మూడు రోజుల తర్వాత. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు. నాన్నగారికి నాలుగో రోజున మెడకి ఆపరేషన్ చేసి లోపలి పూడిక తీసేశారు. ఇప్పుడు బాగున్నారు.

మరి షుగర్‌కీ చూపుకీ సంబంధమే లేదా అంటే, ఉంది. ఒకటి కాదు, నాలుగు రకాలుగా ఉంది. ఏది ఎలా వస్తుందో తెలిస్తే నాలాగా పొరబడరు.

మొదటిది షుగర్ పడిపోవడం. మన శరీరం వాడే శక్తిలో ఐదో వంతు మెదడుకే కావాలి, దాని ముఖ్యమైన ఆహారం గ్లూకోజు. అది తగ్గితే చూసే పని కూడా మందగిస్తుంది. మనం కళ్ళు బైర్లు కమ్మాయంటామే, అలాగ రెండు కళ్ళకీ మసకేస్తుంది, ఒక్కోసారి ఒకటి రెండుగా కనబడుతుంది. దాదాపు ఎప్పుడూ తోడుగా చెమటలు, వణుకు, గుండె దడ, ఆకలి, చిరాకు, మాట తడబాటు లాంటివి ఉంటాయి. మిషన్‌లో అంకె తక్కువగా ఉంటుంది. ఈ మూడూ కలిస్తేనే లో షుగర్ అనుకోవాలి. బీపీకి, గుండెకి బీటా బ్లాకర్ మాత్రలు వాడేవాళ్ళకి దడ, వణుకు సరిగ్గా తెలియకపోవచ్చు, చెమట మాత్రం పడుతుంది.

రెండోది షుగర్ బాగా పెరగడం. అప్పుడు కంటి కటకంలోకి నీరు చేరి అది ఉబ్బుతుంది. చూపు రోజుల తరబడి మసగ్గా ఉంటుంది గానీ ఐదు నిమిషాల్లో వచ్చిపోదు. కొత్తగా మందులు మొదలుపెట్టి షుగర్ దిగేటప్పుడు కూడా కొన్ని వారాలు చూపు మారుతూ ఉంటుంది. అందుకే షుగర్ కుదుటపడేదాకా కొత్త కళ్ళద్దాలు చేయించుకోవద్దంటారు.

మూడోది రెటీనా దెబ్బతినడం. ఏళ్ళ తరబడి షుగర్ ఎక్కువగా ఉంటే కంటి వెనక పొరలోని సన్నటి రక్తనాళాలు పాడవుతాయి. మొదట్లో మనకి ఏమీ తెలియదు, అక్షరాలన్నీ చక్కగా కనబడుతూనే ఉంటాయి. తర్వాత ఎప్పుడో ఒక నాళం చిట్లితే ఒక కంట్లో హఠాత్తుగా నల్లటి దారాలు, మసి, సాలెగూడు లాంటివి తేలుతాయి. మెరుపులు మెరిసినట్టయి, ఓ పక్క నుంచి నీడ కమ్ముకొస్తే రెటీనా ఊడుతోందేమోనని అనుమానించాలి. రెండింటికీ అదేరోజు కంటి డాక్టరు చూడాలి.

నాలుగోది మా ఇంట్లో జరిగింది. షుగర్ సన్న నాళాలనే కాదు, బీపీ, కొలెస్ట్రాల్, పొగతాగడం లాంటి వాటితో కలిసి మెడలోని, గుండెలోని పెద్ద నాళాలనీ పూడుస్తుంది. కాబట్టి అమ్మ షుగరే అనడం పూర్తిగా తప్పు కాదు. కానీ అది ఆ మధ్యాహ్నపు షుగర్ కాదు, పదిహేనేళ్ళ షుగర్. ఆ మధ్యాహ్నపు షుగర్‌కి పంచదార నీళ్ళు మందు. పదిహేనేళ్ళ షుగర్‌కి ఆసుపత్రి తప్ప వేరే దారి లేదు.

షుగర్‌తో పనిలేకుండా కూడా చూపు వచ్చిపోవచ్చు. గభాలున లేచి నిలబడితే బీపీ తగ్గి రెండు కళ్ళూ క్షణంపాటు చీకట్లు కమ్ముతాయి. మైగ్రేన్ ఉన్నవాళ్ళకి వంకర టింకర మెరుపు గీతలు నెమ్మదిగా పెరిగి, అరగంటలో పోతాయి. 50 దాటినవాళ్ళకి కొత్తగా తలనొప్పి, నమిలేటప్పుడు దవడ నొప్పి, వాటితో పాటు చూపు పోయి రావడం జరిగితే అది రక్తనాళాల వాపు కావచ్చు. ఆలస్యం చేస్తే చూపు శాశ్వతంగా పోతుంది. వీటిలో ఏది ఏదో తేల్చుకోవడం మన పని కాదు, డాక్టర్ల పని. మన పని వాళ్ళకి సరైన సమాచారం ఇవ్వడం.

ఆ సమాచారంలో మొదటిది ఆంటీ అడిగిన ప్రశ్న. చూపు పోయినప్పుడే, భయంగా ఉన్నా సరే, ఒక్కో కన్నూ చేత్తో మూసి చూసుకోండి. ఎందుకంటే ఇందులో ఇంకో చిక్కు ఉంది. మెదడులో ఒక పక్క రక్తం ఆగితే రెండు కళ్ళకీ ఒకే వైపు సగం దృశ్యం పోతుంది. మనకేమో "కుడికన్ను కనబడలేదు" అనిపిస్తుంది. కన్ను మూసి చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. అదీ స్ట్రోకే, దానికీ ఆసుపత్రికే వెళ్ళాలి.

రెండోది మన భాషలోని ఒక ఇబ్బంది. తల తిరిగినా, బైర్లు కమ్మినా, చూపు పోయినా మనం "కళ్ళు తిరిగాయి" అనేస్తాం. దాన్ని మనం ఇంగ్లీషులోకి మార్చి "డిజీ" అని చెబుతాం. వెయిటింగ్ రూములో ఆ మాటకి ఒక వరుస, "ఒక కంటికి హఠాత్తుగా చూపు పోయింది" అన్న మాటకి ఇంకో వరుస. ఎన్ని గంటలకి పోయింది, ఎన్ని నిమిషాలు ఉంది, నొప్పి ఉందా, షుగర్ అంకె ఎంత అన్నది కాగితం మీద రాసుకుని చెప్పండి. పెద్దవాళ్ళు ఒంటరిగా ఉంటే తెలుగు దుబాసీ కావాలని అడగమనండి, ఆసుపత్రి వాళ్ళు డబ్బు తీసుకోకుండా ఫోన్లోనైనా ఏర్పాటు చేస్తారు.

మూడోది, చూపు తిరిగొచ్చినా సరే 911కి ఫోన్ చేయండి. నేను కారులో తీసుకెళ్ళాను. అలా చేయకుండా ఉండాల్సిందని అక్కడి నర్సు నెమ్మదిగానే చెప్పింది. దారిలో ఏమైనా అయితే డ్రైవింగ్ చేస్తున్న కొడుకు ఏం చేయగలడు? కళ్ళద్దాల షాపులోనూ, చాలా అర్జెంట్ కేర్‌లలోనూ దీనికి కావలసిన స్కాన్లు ఉండవు. డాక్టరు చెప్పకుండా ఇంట్లో ఆస్పిరిన్ వేయకండి. అది గడ్డా, రక్తస్రావమా అన్నది స్కాన్ తీస్తేనే తెలుస్తుంది.

ఇక బిల్లు సంగతి. విజిటర్ వీసా మీద వచ్చిన తల్లిదండ్రులున్న ప్రతి ఇంట్లోనూ ఈ భయం ఉంటుంది, మా ఇంట్లోనూ ఉండింది. 1986లో వచ్చిన ఫెడరల్ చట్టం ప్రకారం, ఎమర్జెన్సీకి వచ్చిన మనిషికి ఇన్సూరెన్సు ఉన్నా లేకపోయినా ముందు పరీక్షించాలి, ప్రమాదం ఉంటే స్థిమితపరచాలి. బిల్లు రాదని కాదు, తప్పకుండా వస్తుంది. కానీ లాభాపేక్ష లేని ఆసుపత్రులన్నిటికీ ఆర్థిక సహాయ విధానం ఉండాలన్నది కూడా చట్టమే. దరఖాస్తు ఇచ్చి, వాయిదాలు అడిగి మేము తంటాలు పడ్డాం, ఇంకా కడుతున్నాం. ఆ వాయిదా కట్టిన ప్రతి నెలా నాన్నగారు వీడియో కాల్‌లో తన రెండు చేతులూ ఎత్తి చూపించి "ఇవి పనిచేస్తున్నాయిగా" అంటారు.

కార్తీకం ఇంకో మూడు వారాల్లో వస్తోంది కాబట్టి ఉపవాసాల గురించి కూడా ఒక మాట. ఉపవాసం మానమని నేను ఎవరికీ చెప్పను. కానీ గ్లిమిపిరైడ్, గ్లిపిజైడ్ లాంటి మాత్రలు మీరు తిన్నారా లేదా అని చూడవు. ఇన్సులిన్ కూడా అంతే. తినకుండా వాటిని మామూలు మోతాదులో వేసుకుంటే షుగర్ పడిపోవచ్చు. అలాగని సొంతంగా మానేస్తే విపరీతంగా పెరగవచ్చు. నాన్నగారు పాలు తాగి మాత్ర వేసుకున్న రోజున 112 ఉండడం అదృష్టం, అంతే. ఉపవాసానికి కనీసం ఒకటి రెండు వారాల ముందే మీ డాక్టరుకి ఫోన్ చేసి, "ఫలానా రోజు సాయంత్రం దాకా తినను, మాత్రలు ఎలా మార్చాలి?" అని అడగండి. ఉపవాసం రోజున మధ్యమధ్య షుగర్ చూసుకోండి. 70 కంటే తగ్గితే వ్రతభంగం గురించి ఆలోచించకండి. అర్చక స్వాముల్ని అడిగాను, ఆరోగ్యం బాగాలేనివారికి ఆ నియమం వర్తించదని వారు స్పష్టంగా చెప్పారు.

తగ్గినప్పుడు ఏమివ్వాలి? 15 గ్రాముల తీపి పదార్థం. అంటే అర కప్పు పళ్ళరసం, లేదా ఒక టేబుల్ స్పూను పంచదార కలిపిన నీళ్ళు, లేదా మూడు నాలుగు గ్లూకోజు బిళ్ళలు. 15 నిమిషాల తర్వాత మళ్ళీ చూడాలి, ఇంకా 70 లోపే ఉంటే మళ్ళీ ఇవ్వాలి. మన లడ్డూ ప్రసాదం ఎంత పవిత్రమైనా ఈ పనికి రాదు. అందులోని నెయ్యి వల్ల చక్కెర రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 911కి ఫోన్ చేయాలి. ఆఫీసు గదిలో ఫస్ట్ ఎయిడ్ పెట్టె పక్కనే ఇప్పుడు షుగర్ మిషన్, గ్లూకోజు బిళ్ళలు, చిన్న జ్యూసు డబ్బాలు పెట్టాం. వాటి మీద తెలుగులో రాసి ఉంది.

షుగర్ ఉన్నవాళ్ళు ఏడాదికోసారి కంట్లో చుక్కలు వేసి చేసే రెటీనా పరీక్ష చేయించుకోండి. టైప్ 2 అయితే షుగర్ ఉందని తెలిసిన వెంటనే మొదటి పరీక్ష చేయించుకోవాలి. కళ్ళద్దాల పవర్ చూసేది వేరు, ఇది వేరు. నా వయసు వాళ్ళకి కూడా ఒక మాట. 35 దాటిన ప్రతివాళ్ళూ షుగర్ పరీక్ష చేయించుకోవాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ చెబుతోంది. మనలాంటి ఆసియా వాళ్ళని తక్కువ బరువు దగ్గరే, అంటే బీఎంఐ 23 నుంచే జాగ్రత్త పడమంటోంది. నాన్నగారి ఆపరేషన్ తర్వాత నేనూ చేయించుకున్నాను. ఏ1సీ 5.9 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా అంటే గడప మీద నిలబడ్డట్టే. నాకు 36 ఏళ్ళు. పదిహేనేళ్ళ షుగర్ అన్నాను కదా, దాన్ని మొదలు కానివ్వకుండా చూసుకునే వీలు నాకు ఇంకా ఉంది. మీలో చాలామందికీ ఉంది.

నాన్నగారు ఈ కార్తీకానికి ఇండియాలోనే ఉంటున్నారు. ఈసారి డాక్టరుని అడిగి, మాత్రలు మార్పించుకుని, మధ్యాహ్నం పాలూ పళ్ళూ తీసుకుంటూ సోమవారాలు చేస్తారట. నాకు ఒక పని అప్పగించారు. "ఆవిడ అడిగిన ప్రశ్న గుళ్ళో అందరికీ చెప్పరా" అన్నారు. చెప్పాను. మీరు ఇంటికెళ్ళి ఇండియాకి ఫోన్ చేసినప్పుడు మీ వాళ్ళకీ చెప్పండి. చూపు పోయి వచ్చిందని ఎవరైనా అంటే, షుగర్ అని తేల్చేసే ముందు అడగండి: ఒక కన్నా, రెండు కళ్ళా?

భోజనాలు సిద్ధంగా ఉన్నాయి. షుగర్ మాత్రలు వేసుకున్నవాళ్ళని దయచేసి వరుసలో ముందుకి పంపండి.